గోతిక్ చేతి కవచం: గట్లు తీశాక గొట్టం సరిగ్గా వంగట్లేదు

ప్రశ్న:
1480ల నాటి జర్మన్ గోతిక్ పద్ధతిలో చేతి కవచం చేస్తున్నాను. 1.2 మి.మీ. మైల్డ్ స్టీల్. రేకు చదునుగా ఉండగానే మణికట్టు వైపు ఐదు గట్లు (రేకు మీద పొడవుగా లేచే సన్నని మడతలు) తీసి, తర్వాత ముంజేతి గొట్టంగా వంచితే పలకలు పలకలుగా వస్తోంది, మణికట్టు దగ్గర బిగుతు. మందం మార్చాలా? మోచేతి చిప్పను గొట్టాలకు రివెట్లతో కలపాలా?

జవాబు 1:
మందం కాదండీ, వరస మార్చాలి. ముందు గొట్టం వంచి, తర్వాతే గట్లు తీయాలి. గట్టు పడ్డచోట రేకు బిర్రుగా మారుతుంది, ఇక వంపు తిరిగేది గట్ల మధ్య ఖాళీలోనే. పలకలు అందుకే.

బిగుతు సంగతి లెక్క చూడండి. 8 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. ఎత్తు గట్టుకు ఒక్కో వాలు 5 మి.మీ. అంటే 10 మి.మీ. రేకు 8లోకి ముడుచుకుంది. ఐదు గట్లకు చుట్టుకొలతలో 10 మి.మీ. పోయినట్టే. అట్ట నమూనాను మణికట్టు వైపు అంత ఎక్కువ వెడల్పుగా కోయండి. గట్లు సన్నగిల్లి ఆగే చోట ఆ అదనం వద్దు.

గాడి తీసిన గట్టి చెక్క మీద పెట్టి, మొన గుండ్రంగా అరగదీసిన ఉలితో లోపలి నుంచి కొట్టండి. పదునుంటే రేకు తెగుతుంది. ఒకే గట్టు పూర్తి చేయకుండా అన్నిటినీ కొద్దికొద్దిగా లేపుకు రండి. ఆఖర్న సన్నంచు దాగలి లోపల ఆన్చి, బయట గట్టుకు రెండు పక్కలా కొడితేనే గట్టు కొస పదునుగా తేలుతుంది. రేకు దెబ్బకు లొంగక సుత్తిని ఎగరేస్తుంటే గట్టిపడిందన్నమాట. ఎర్రగా కాల్చి గాలికే చల్లారనివ్వండి.

జవాబు 2:
రివెట్లతో కలిపేది ఎక్కువగా ఇటాలియన్ పద్ధతి. జర్మన్ గోతిక్‌లో తరచు మూడు ముక్కలూ (పై చేతి గొట్టం, మోచేతి చిప్ప, ముంజేతి గొట్టం) విడివిడిగా ఉంటాయి, చిప్పను లోపలి మెత్త అంగీకి తాళ్లతో కడతారు. కొలతలు ఆ అంగీ తొడుక్కునే తీసుకోండి, చేయి పూర్తిగా మడిచి కూడా. మడతలో రెండు గొట్టాల అంచులూ కండను నొక్కితే లోపలి వైపు వంపుగా కోసేయాలి. చిప్పకు 1.5 మి.మీ. రేకు తీసుకోండి. గుంతగా కొట్టేటప్పుడు నడుమ పలచబడుతుంది.

జవాబు 3:
నా లెక్కలో 3 మి.మీ. ఎత్తు ఎక్కువే. 2 చాలు, అప్పుడు గట్టుకు పోయేది దాదాపు 1 మి.మీ. మాత్రమే. అంచుల్లో జాలీ పని (అలంకారంగా రంధ్రాలు తొలవడం) పెట్టుకుంటే గట్లు అయ్యాకే చేయండి. ముందే తొలిస్తే రంధ్రాలు సాగిపోతాయి. డ్రిల్ చేసి, ఆకురాయితో అరగదీస్తే సరి.