పాత చేతి జీపీఎస్ తీసుకోవాలా వద్దా? మూడు గంటలైంది, ఒక్క శాటిలైటూ పట్టట్లేదు

సోలోకి_సిద్ధం (శనివారం, జూన్ 14, 2025)
తల వేడెక్కిపోతోందండీ. పొద్దున్నుంచీ ఇదే పని. విమానంలో పెట్టుకోడానికి పాత జీపీఎస్ ఒకటి బేరానికొచ్చింది, 120 డాలర్లు. చూసుకుని, నచ్చకపోతే సోమవారం వెనక్కిచ్చేయమన్నారు. కొత్త బ్యాటరీలు వేశా, రీసెట్ కొట్టా, మళ్ళీ వేశా. మూడు గంటలుగా "వెతుకుతున్నా వెతుకుతున్నా" అంటోంది తప్ప ఒక్క గీత కూడా లేవట్లేదు. ఇంకోచోట గార్మిన్ 496 అనే చేతి జీపీఎస్ ఉంది, 260 చెప్తున్నాడు, వాడు రేపటిదాకానే ఆగుతాడట. దేనికి పోవాలి? అర్జెంటు.

సెసనా_మామ
ఏ మోడల్? ఏ విమానం? ఏ ఊళ్ళో ఎగురుతున్నావ్?

బేగంపేట_పోరడు
అన్నా, ఇండియాల ఎగిరేదుంటే ఒక్క మాట చెప్తా, గట్టిగ గుర్తుపెట్టుకో. ఉత్త జీపీఎస్ వేరు, శాటిలైట్ మీదికెల్లి మెసేజ్ పంపే యంత్రం వేరు. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటియి మన దేశంల పర్మిషన్ లేకుండ తెస్తే నేరం. శాటిలైట్ ఫోన్‌కు ఉన్న రూలే దానికీ. ట్రెక్కింగ్‌కు వచ్చిన ఫారినోళ్ళను ఎయిర్‌పోర్టుల ఆపిన్రు, కేసులు గూడ పెట్టిన్రు. చాలమందికి ఈ తేడా తెల్వదు, రెండింటినీ జీపీఎస్ అనే అంటరు. బ్యాగుల ఏసుకొని వచ్చేముందు ఒకటికి పదిసార్లు సోచాయించు.

సోలోకి_సిద్ధం
ఇండియా కాదండీ, టెక్సాస్, డెంటన్. డాలర్లు అన్నా కదా! ఫ్లయింగ్ స్కూల్ వాళ్ళ సెసనా 172 విమానం. అందులో ప్యానెల్‌కి బిగించిన జీపీఎస్ పాడైంది, సోలో క్రాస్ కంట్రీకి, అంటే ఒక్కణ్ణే దూరపు ఊరికి ఎగరడానికి వెళ్ళేలోపు బ్యాకప్ ఒకటి చూసుకోమన్నారు. మోడల్ పేరు వద్దులెండి, అమ్మే ఆయన ఈ గ్రూపులోనే ఉన్నారు. నలుపు తెలుపు స్క్రీను, బాగా పాతది.

కర్నూలు_హ్యామ్
172 అంటే సరిపోదు సామీ, ఏ సంవత్సరంది? 1978కి ముందువి 14 వోల్టులు, ఆ తర్వాతివి 28. సిగరెట్ లైటర్ సాకెట్ రెండింట్లోనూ ఒకే మాదిరి ఉంటుంది, చూస్తే తెలీదు. కార్లో వాడే చవక చార్జరు తీసుకుపోయి 28 వోల్టుల్లో గుచ్చితే పొగ వస్తుంది. నేలమీదైతే నవ్వుకుంటాం, 3,500 అడుగుల్లో వస్తే నవ్వు రాదు. అడాప్టర్ మీద "ఇన్‌పుట్" అని సన్నక్షరాల్లో ఉంటుంది, 12-24 అని ఉంటే సరిపోదు. ఆల్టర్నేటర్ తిరుగుతుంటే 28 దాటుతుంది. 30 పైన రాసుండాలి. ఇంకో సంగతి, ఆ సాకెట్ ఫ్యూజు...

సెసనా_మామ
బ్యాటరీల సెట్ అని చెప్పాడుగా.

కర్నూలు_హ్యామ్
496 బ్యాటరీల సెట్ కాదు మామా, లిథియం ప్యాక్. అందుకే చెప్తున్నా.

ఐప్యాడ్_అక్క
2025లో ఇదంతా ఎందుకు తమ్ముడూ? ఐప్యాడ్ కొనుక్కో, ఫోర్‌ఫ్లైట్ అని పైలట్ల మ్యాప్ యాప్ ఉంది, అది వేసుకో. కానీ వైఫై ఒక్కటే ఉన్న ఐప్యాడ్ కొనకు, అందులో జీపీఎస్ ఉండదు. సిమ్ పట్టే మోడల్ తీసుకో, సిమ్ వేయకపోయినా పర్లేదు. రెండొందల డాలర్లు మిగుల్చుకుందామని నేను వైఫైది కొని నెల్లాళ్ళు ఏడ్చాను.

పాతసామాను
అక్కా, జూలైలో టెక్సాస్ ఎండలో అద్దం కింద ఐప్యాడ్ పెట్టి చూశారా? వాళ్ళు రాసుకున్న హద్దే 35 డిగ్రీలు. ఎగరకముందు నేలమీద విమానం నడుపుకెళ్తుండగానే "చల్లబడనివ్వండి" అని నల్లబడి కూర్చుంటుంది. బ్యాకప్‌కి చేతి సెట్టే మేలు, ఎండలోనే స్క్రీన్ ఇంకా బాగా కనిపిస్తుంది.

తమ్ముడూ, ముందు ఒకటి చెప్పు. నువ్వు దాన్ని పరీక్షిస్తున్నది ఎక్కడ?

సోలోకి_సిద్ధం
ఇంట్లోనేనండీ. హాల్లో కిటికీ పక్కన. మాది రెండో అంతస్తు, పైన ఇంకొకళ్ళున్నారు.

పాతసామాను
అదీ సంగతి! మూడు గంటల కథలో ఆ ముక్క ఒక్కటే చెప్పలేదు. ఇక్కడి అపార్ట్‌మెంట్ అద్దాలకి వేడి ఆపే పూత ఉంటుంది, అది సిగ్నల్‌నీ ఆపుతుంది. పాత రిసీవర్లు మన ఫోన్లంత చురుకైనవి కావు. పైగా ఏళ్ళ తరబడి డ్రాయర్లో పడుకున్న సెట్‌కి ఏ శాటిలైట్ ఎక్కడుందో తెలీదు. నువ్వు రీసెట్ కొట్టి ఆ కాస్తా చెరిపేశావు. ఆ పట్టిక మొత్తం ఆకాశంనుంచి దిగడానికే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. పార్కింగ్ లాట్ మధ్యకి పట్టుకెళ్ళి, కారు టాప్ మీద పెట్టి, ముట్టుకోకుండా అరగంట వదిలెయ్. పట్టాక తేదీ ఏం చూపిస్తోందో రాయి.

ఈలోపు 496 సంగతి. వరసగా చెప్పుకుంటే 296 వచ్చింది 2004లో, కొండల మ్యాపు దానితో మొదలు. 2005లో 396, శాటిలైట్ రేడియో మీద వాతావరణం. 2006లో 496. స్క్రీన్ ముట్టుకుంటే కదిలే "ఏరా" (aera) అనే 500 సిరీస్ 2010లో. వాతావరణం కోసమని 496 కొనకు, దానికి నెలనెలా చందా కట్టాలి. ఇప్పుడు నేలమీది స్టేషన్లు విమానాలకి పంపే సిగ్నల్ పట్టే ఏడీఎస్-బీ రిసీవర్ ఉంటే అదే వాతావరణం అమెరికాలో ఉచితంగా వస్తోంది.

చూడాల్సింది బ్యాటరీ వెనక మూత. సమంగా కూర్చోకుండా కాస్త పైకి లేచి ఉంటే ప్యాక్ ఉబ్బినట్టే, వదిలెయ్. రెండోది దాంట్లోని విమానాశ్రయాల డేటాబేస్ తేదీ. ఇవి 28 రోజులకోసారి మారతాయి. ఆ మోడల్‌కి కంపెనీ ఇంకా అప్‌డేట్ ఇస్తోందో లేదో వాళ్ళ సైట్లో చూశాకే డబ్బులు తియ్. నీ డెంటన్‌లోనే 2019లో రెండో రన్‌వే వచ్చింది. పాత డేటాబేస్‌లో ఒక్క 18/36 అనే రన్‌వే తప్ప ఇంకోటి కనపడదు. టవర్ నీకు "18 రైట్", అంటే జంట రన్‌వేల్లో కుడిది, ఇస్తే దాంట్లో ఎక్కడ వెతుక్కుంటావు?

సెసనా_మామ
వెతకడు. కిటికీలోంచి చూస్తాడు. జీపీఎస్ లేకుండా చార్టూ గడియారంతో 50 మైళ్ళు పోయి రా ముందు. చెక్‌రైడ్‌లో, అంటే లైసెన్సు పరీక్షలో, ఎగ్జామినర్ చేసే మొదటి పని ఆ డబ్బా ఆపేయడం.

సోలోకి_సిద్ధం
చార్టు వాడతాను సార్. కానీ గాలికి పక్కకి కొట్టుకుపోతున్నా. జీపీఎస్ ఉంటే హెడింగ్ చూపిస్తుంది కదా, సరిచేసుకోవచ్చని.

పదాలపిచ్చి
జీపీఎస్ హెడింగ్ చూపదు! ట్రాక్ చూపుతుంది. ఈ రెండూ కలిపేసి మాట్లాడడం ఈ గ్రూపులో రోజూ చూస్తున్నా. గోదావరి రేవు దాటే పడవని చూడండి. సరంగు ముక్కు ఎగువకి పెడతాడు, పడవ మాత్రం తిన్నగా అవతలి రేవుకే పోతుంది. ముక్కు చూసేది హెడింగ్, పడవ పోయేది ట్రాక్. తెలుగులో "ముక్కుదిక్కు", "పోకదిక్కు" అనుకుంటే సరిపోతుంది.

బేగంపేట_పోరడు
ముక్కుదిక్కు 😂 రేడియోల చెప్పున్రి జర, టవర్ల ఏటీసీ ఆయన ఏమంటడో సూద్దాం.

పదాలపిచ్చి
రేడియోలో చెప్పమనలేదు. అర్థం చేసుకోడానికి. "కోర్సు" అని ఇంకోటుంది, అది వెళ్ళాలనుకున్న దారి, దాన్నీ దీంట్లో కలపొద్దు.

కర్నూలు_హ్యామ్
రేవు దాటే పడవకి ముక్కు ఎప్పుడూ ఎగువకే ఉండాలని లేదు. తాడు కట్టి లాగే బల్లకట్టు ఉంది.

పదాలపిచ్చి
బల్లకట్టుకి గాలితో పనేముంది?

ఐప్యాడ్_అక్క
ఆ పిల్లాడు అడిగింది మర్చిపోయారు అందరూ.

సోలోకి_సిద్ధం
పార్కింగ్‌లో పెట్టా. ఇరవై నిమిషాల్లో ఏడు శాటిలైట్లు! చోటు కరెక్టుగా చూపిస్తోంది, మా కమ్యూనిటీ గేటు కూడా వచ్చింది. తేదీ మాత్రం 2005 అక్టోబర్ 29 అంటోంది. శనివారం అన్నది ఒక్కటే నిజం.

పాతసామాను
అనుకున్నా. శాటిలైట్లు సంవత్సరం పంపవు, వారం నంబరు పంపుతాయి. అదీ 1,024 వారాలకోసారి సున్నాకి వచ్చేస్తుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్ 6 రాత్రి రెండోసారి. పాత సాఫ్ట్‌వేర్ ఇంకా ముందటి చుట్టులోనే ఉంది. వారాలు లెక్కే కాబట్టి రోజు కలుస్తుంది, తేదీ 7,168 రోజులు వెనక్కి పోతుంది. చోటు చూపడానికి దాంతో ఇబ్బంది లేదు. కానీ సూర్యాస్తమయం పేజీ నమ్మకు. జూన్‌లో అక్టోబర్ లెక్క చెప్తుంది, మీ ఊళ్ళో సుమారు రెండు గంటలు తేడా. జూన్‌లో అయితే తొందరగా దిగుతావు, ఫర్వాలేదు. డిసెంబర్‌లో దాన్ని నమ్మితే చీకట్లో ఉంటావు.

సెసనా_మామ
వెనక్కిచ్చెయ్.

కర్నూలు_హ్యామ్
172 ఏ సంవత్సరందో ఇంకా చెప్పలేదు.

సోలోకి_సిద్ధం (సోమవారం)
ఇచ్చేశానండీ. 496 ఎవరో పట్టుకుపోయారట. స్కూల్ వాళ్ళు ప్యానెల్‌ది బాగుచేయిస్తామన్నారు, చూడాలి. థాంక్స్ అందరికీ.

బేగంపేట_పోరడు
ఆ నలుపు తెలుపుది ఇంకా అమ్ముతున్నడా అన్నా? మ్యూజియంల పెట్టుకుంట.

కర్నూలు_హ్యామ్
సంవత్సరం?