క్రాంక్‌కేస్‌లో (ఇంజన్ బయటి అల్యూమినియం పెట్టెలో) విరిగిన ఎం6 (6 మి.మీ.) బోల్టు ఎలా తీయాలి?

ప్రశ్న: బైక్ క్లచ్ కవర్ బోల్టు తల ఊడి, ముక్క 2 మి.మీ. లోపలే ఉండిపోయింది. ఈజీ అవుట్ (విరిగిన బోల్టును పట్టి తిప్పి తీసే గట్టి ఉక్కు పనిముట్టు) పెట్టొచ్చా అన్నా?

జవాబు: ముందే వద్దు. అది లోపల విరిగితే మామూలు డ్రిల్ బిట్ దాన్ని కొరకదు, పని రెట్టింపవుతుంది. పెనిట్రేటింగ్ ఆయిల్ (మరల సందుల్లోకి ఇంకే పలుచని నూనె) పోసి రాత్రంతా వదలండి. పెట్రోలు, ఆయిల్ శుభ్రంగా తుడిచాక హీట్ గన్‌తో కేసును వేడిచేయండి. అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, పట్టు సడలుతుంది. ముక్కకు సరిగ్గా మధ్యలో పంచ్‌తో గుంట కొట్టి, 3 మి.మీ. లెఫ్ట్ హ్యాండ్ బిట్‌ను (ఎడమవైపు తిరుగుతూ కోసే డ్రిల్ బిట్‌ను) రివర్స్‌లో, తక్కువ స్పీడులో తిప్పండి. తరచూ ముక్క బిట్‌తోపాటే వచ్చేస్తుంది.

ఇంకో జవాబు: పంచ్ పక్కకి పడితే బిట్ మెత్తని అల్యూమినియంలోకి జారుతుంది, జాగ్రత్త. ముక్క కదలకపోతే రంధ్రాన్ని 5 మి.మీ. వరకు పెంచి, మరల్లో మిగిలిన ఉక్కు పీలికల్ని టాప్‌తో (మరలు కోసే పనిముట్టుతో) తీయండి. మర పోతే హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట) వేయించండి.

ప్రశ్న అడిగినవారు: కొత్త బోల్టుకు?

జవాబు: యాంటీ సీజ్ (బోల్టు పట్టేయకుండా రాసే పేస్టు) కొద్దిగా రాయండి, టార్క్ (బిగించే బలం) కాస్త తగ్గించండి.