నిద్రలో పిల్లల ఊపిరి ఆగుతుంటే టాన్సిల్స్ తీయించాలా, ఆగి చూడాలా?

బుచ్చి అమ్మ (బుచ్చిరెడ్డిపాళెం)

మా వాడికి 5 ఏళ్లు. రాత్రి నోరు తెరుచుకునే పడుకుంటాడు, గురక పక్క గదిలోకి వినిపిస్తుంది. గురక ఉన్నట్టుండి ఆగిపోతుంది. డొక్కలు ఎగదన్నుతా ఉంటాయి కానీ గాలి పోయిన చప్పుడుండదు. ఆ తర్వాత ఒక్కసారిగా గట్టిగా పీల్చి పక్కకు తిరుగుతాడు. తెల్లారేసరికి తలగడ చెమటతో తడిసిపోయుంటుంది.

నెల్లూరులో ఈఎన్‌టీ డాక్టరు టార్చి వేసి చూసి టాన్సిల్స్ 3వ గ్రేడ్ అన్నారు (4వ గ్రేడ్ అంటే అన్నిటికంటే పెద్దవంట). మెడకు పక్కనుంచి ఎక్స్‌రే తీస్తే ముక్కు వెనకాల ఉండే అడినాయిడ్ అనే గడ్డ కూడా పెద్దదే. రెండూ తీసేద్దామన్నారు. పిల్లల డాక్టరేమో వయసు వచ్చేకొద్దీ అవే చిన్నవవుతాయి, ముందు ముక్కులో స్ప్రే వాడండి అంటున్నారు. మా అత్తమ్మ కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుందని పట్టుబట్టి ఉండారు. ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్తే ఎవరిది పట్టుకోవాలి? ఈ గడ్డలకూ ఆ ఊపిరి ఆగడానికీ నిజంగా అంత సంబంధం ఉందా?

ఒంగోలు నాన్న

అక్కా, తొందరపడొద్దు. మా పాపకూ ఇదే చెప్పారు. మేం ఆగాం, ఇప్పుడు గురక బాగా తగ్గింది.

అమెరికాలో నిద్రలో ఊపిరి ఆగే 5 నుంచి 9 ఏళ్ల పిల్లలు 464 మంది మీద జరిపిన పరీక్ష ఫలితం 2013లో వచ్చింది. సగం మందికి వెంటనే ఆపరేషన్ చేశారు, సగం మందిని 7 నెలలు ఊరికే కనిపెట్టి ఉన్నారు. ఆపరేషన్ లేకుండానే 46 శాతం మందికి నిద్ర పరీక్ష (రాత్రంతా ఊపిరిని యంత్రంతో కొలిచే స్లీప్ స్టడీ) మామూలుకొచ్చింది. అంటే దాదాపు సగం మంది పిల్లలు కత్తి తగలకుండానే బయటపడ్డారు. ఇది చిన్న విషయమా?

ఇంకొకటి. డెన్మార్క్‌లో దాదాపు 12 లక్షల మంది పిల్లల రికార్డులు చూసి 2018లో ఒక అధ్యయనం వచ్చింది. చిన్నప్పుడు టాన్సిల్స్ తీయించుకున్న వాళ్లకు తర్వాతి ఏళ్లలో ముక్కు, గొంతు జబ్బులు రెండు మూడింతలు ఎక్కువగా కనిపించాయని తేల్చింది. టాన్సిల్స్ కూడా ఒంటి కాపలాలో భాగమే. మత్తు, రక్తస్రావం సంగతి సరేసరి. మన జిల్లాల్లో టార్చి వేసి చూసిన నిమిషానికే ఆపరేషన్ తేదీ రాసే అలవాటు ఎక్కువైందని నా బాధ.

పిలకాయల నర్సు (నెల్లూరు)

అన్నా, మీరు చెప్పిన 46 శాతం నిజమే. అదే పరీక్షలో ఆపరేషన్ అయిన వాళ్లలో మామూలుకొచ్చింది 79 శాతం. అది వదిలేశారు. ఇంకా ముఖ్యమైంది, బాగా తీవ్రంగా ఉన్న పిల్లలను, ఆక్సిజన్ ఎక్కువసేపు పడిపోయే పిల్లలను ఆ పరీక్షలోకి తీసుకోనేలేదు. 5 ఏళ్ల లోపు వాళ్లూ లేరు. తేలికపాటి, మధ్యరకం పిల్లలకు వచ్చిన ఫలితాన్ని తెచ్చి, డొక్కలెగరేసే పిలకాయకు అంటగట్టకూడదు.

డెన్మార్క్ లెక్క సంగతి. తీయించుకున్న పిల్లలు అసలు ముందునుంచే జబ్బులతో ఉన్నవాళ్లు. వాళ్లకు తర్వాత జబ్బులు ఎక్కువ కనిపిస్తే అది కోత వల్లా, ముందున్న తీరు వల్లా అనేది రికార్డులు చూసి తేల్చలేం.

ఇప్పుడు బుచ్చి అక్క అడిగిన సంబంధం. గొంతు ఒక మెత్తటి గొట్టం. దానికి ఎముకల ఆసరా లేదు, కండరాలే తెరిచి పట్టుకుంటాయి. మెలకువలో ఆ కండరాలు బిగువుగా ఉంటాయి కాబట్టి టాన్సిల్స్ ఎంత పెద్దవైనా పిల్లాడు హాయిగా ఆడుకుంటాడు. నిద్ర పట్టాక బిగువు సడలుతుంది. కలలొచ్చే నిద్రలో మరీ సడలుతుంది. అప్పుడు వెనక అడినాయిడ్, పక్కల టాన్సిల్స్ దారి ఇరుకు చేస్తే, పీల్చిన ప్రతిసారీ గొంతు లోపలికి ముడుచుకుపోతుంది. పిల్లల్లో ఈ జబ్బుకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం ఇదే. 2 నుంచి 8 ఏళ్ల మధ్య ఎక్కువ కనిపించడానికి కారణం కూడా ఇదే, ఆ వయసులో గొంతు వెడల్పుతో పోలిస్తే ఈ గడ్డలు పెద్దవిగా ఉంటాయి.

అయితే గ్రేడ్ చూసి జబ్బు ఎంతుందో చెప్పలేం. ఈ విషయంలో ఒంగోలు అన్నతో నేను కలుస్తాను. 4వ గ్రేడ్ ఉండి నిశ్శబ్దంగా పడుకునే పిల్లలున్నారు, 2వ గ్రేడ్‌తోనే ఊపిరి ఆగేవాళ్లున్నారు. దవడ చిన్నదైనా, ముక్కు అలర్జీ ఉన్నా, ఒళ్లు ఎక్కువున్నా, డౌన్ సిండ్రోమ్ ఉన్నా లెక్క మారిపోతుంది. కూర్చోబెట్టి టార్చితో చూసింది మెలకువలో గొంతు. జబ్బు ఉండేది నిద్రలో.

చీమకుర్తి మాస్టారు

నేను ప్రాథమిక పాఠశాలలో చెప్తాను. మీరంతా రాత్రి గురించే మాట్లాడుతున్నారు. నాకు పగలు కనిపిస్తుంది. పెద్దవాళ్లకు నిద్ర చాలకపోతే తూగుతారు, పిల్లలు మాత్రం కుదురుగా కూర్చోలేరు, పక్కవాణ్ని గిల్లుతారు, ఊరికే ఏడుస్తారు. అలాంటి పిల్లలకు అల్లరోడు, మొద్దోడు అనే ముద్ర పడిపోతుంది. పక్క తడుపుతున్నాడని ఇంట్లో దెబ్బలు తినేవాళ్లనూ చూశాను. నిద్రలో ఊపిరి ఆగే పిల్లల్లో పక్క తడపడం ఎక్కువని ఆ తల్లిదండ్రులకు ఎవరూ చెప్పలేదు.

ఇది కొత్త సంగతేం కాదు. విలియం హిల్ అనే డాక్టరు 1889లోనే ముక్కు వెనక అడ్డానికీ పిల్లలు చదువులో వెనకబడటానికీ ముడిపెట్టి రాశాడు. మా ఊరి చుట్టూ గ్రానైట్ క్వారీలు, ఆ దుమ్ముకు పిల్లల ముక్కులు ఎప్పుడూ దిబ్బడలే. నోటితోనే ఊపిరి పీల్చే పిల్లల్ని మామూలనుకుని వదిలేయొద్దని నా మనవి. నా మాటైతే, తీయిస్తే చదువు బాగుపడుతుంది.

ఒంగోలు నాన్న

మాస్టారూ, మీ బాధ అర్థమైంది కానీ చివరి మాట ఒప్పుకోను. నేను చెప్పిన పరీక్షలో వాళ్లు ముఖ్యంగా కొలిచింది ధ్యాస, ఆలోచనా శక్తినే. ఆపరేషన్ అయిన పిల్లలకు, ఆగిన పిల్లలకు అందులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చదువు కోసమని చెప్పి తల్లిదండ్రులను ఆపరేషన్ థియేటర్‌కు పంపడం న్యాయం కాదు.

కావలి పిల్లల డాక్టర్

ఒంగోలు గారి మాట సరైనదే. ధ్యాస పరీక్షల్లో తేడా రాలేదు. ప్రవర్తన, పగటి నిద్రమత్తు, జీవన నాణ్యత మాత్రం మెరుగయ్యాయి. ఎవరికి ఆపరేషన్ అయిందో తల్లిదండ్రులకు తెలుసు కాబట్టి వాళ్లు చెప్పినదాన్ని కొంచెం తగ్గించే తీసుకోవాలి. అయినా నిద్ర పరీక్షలో వచ్చిన తేడా తల్లిదండ్రుల అభిప్రాయం కాదు, యంత్రం కొలిచింది. 2023లో ఇంకో పరీక్ష వచ్చింది, గురక ఉండి ఊపిరి పెద్దగా ఆగని 459 మంది మీద. అక్కడా ధ్యాసలో తేడా లేదు. ప్రవర్తన, రక్తపోటు మెరుగయ్యాయి. కాబట్టి మార్కుల కోసం ఆపరేషన్ వద్దు. ఊపిరి కోసం అవసరమైతే చేయించాలి.

అసలు తేల్చాల్సింది రాత్రి ఊపిరి ఎన్నిసార్లు ఆగుతోందనేది. పెద్దవాళ్లకు 10 సెకన్లు ఆగితే లెక్కలోకి తీసుకుంటారు. పిల్లలకు రెండు ఊపిరుల సేపు ఆగినా లెక్కే. గంటకు ఒకటి దాటితే మామూలు కాదు, 10 దాటితే తీవ్రం. దీన్ని నికరంగా కొలిచేది రాత్రంతా చేసే స్లీప్ స్టడీ. పిల్లలకు అది మన ఊళ్లలో తేలిగ్గా దొరకదని తెలుసు. అది దొరక్కపోతే వీడియో, రాత్రంతా పల్స్ ఆక్సిమీటర్ రికార్డింగ్ లాంటివి వాడమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012 మార్గదర్శకాల్లోనే ఉంది.

అమ్మా, మీరు చేయాల్సింది ఇది. చొక్కా విప్పి, లైటు వేసి, ముఖం, ఛాతీ రెండూ కనిపించేలా వీడియో తీయండి. తెల్లవారుజామున తీయండి, కలల నిద్ర అప్పుడే ఎక్కువ. చప్పుడు రికార్డవ్వాలి. ఆక్సిమీటర్ అంటే ఒకసారి వేలికి పెట్టి చూసేది కాదు, రాత్రంతా రికార్డు చేసేది. ఆక్సిజన్ గుంపులు గుంపులుగా పడుతూ కనిపిస్తే జబ్బు ఉన్నట్టే. బాగున్నట్టు వస్తే మాత్రం లేదని అనుకోవద్దు, ఆక్సిజన్ పడకుండానే నిద్ర చెదిరే పిల్లలుంటారు.

స్ప్రే గురించి ఒక మాట. 2023లో ఆస్ట్రేలియాలో 276 మంది గురక పిల్లలకు సగం మందికి స్టెరాయిడ్ స్ప్రే, సగం మందికి ఉప్పునీళ్ల స్ప్రే 6 వారాలు ఇచ్చారు. స్టెరాయిడ్‌తో 44 శాతం మందికి, ఉప్పునీళ్లతో 41 శాతం మందికి బాధలు తగ్గాయి. తేలిక కేసుల్లో ముందు ఉప్పునీళ్లే వాడి చూడమంటాను. మాంటెలుకాస్ట్ అనే అలర్జీ మాత్ర చాలామంది షాపులో అడిగి కొనేస్తున్నారు. దానివల్ల పిల్లల్లో పీడకలలు, మూడ్ మార్పులు రావొచ్చని 2020లో అమెరికా మందుల సంస్థ గట్టి హెచ్చరిక జారీ చేసింది. డాక్టరు రాయకుండా వాడొద్దు.

మీరు రాసిన డొక్కలు ఎగదన్నడం, చెమట నిజమైతే, వీడియోలోనూ అదే కనిపిస్తే నేను నెలల తరబడి ఆగమనను.

ఒంగోలు నాన్న

సరే సార్. ఊపిరి నిజంగా ఆగుతున్న పిల్లాడి విషయంలో ఆగమని నేనూ అనను. గ్రేడ్ ఒక్కటే చూసి తేదీ రాయడం మీద మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంది. బుచ్చి అక్కకు వీడియో ఎవరైనా అడిగారా?

బుచ్చి అమ్మ

ఎవురూ అడగలా అన్నా. ఈ రాత్రే తీస్తా. ఒకవేళ ఆపరేషనే అంటే ఎక్కడ చేయించాలి, ఏం అడగాలి? ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంది.

పిలకాయల నర్సు (నెల్లూరు)

కార్డు వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర ముందే అడుగు అక్కా. మత్తు డాక్టరుకు టాన్సిల్స్ అని మాత్రమే చెప్పొద్దు, నిద్రలో ఊపిరి ఆగుతోందని చెప్పి వీడియో చూపించు. ఈ పిల్లలకు మత్తు తర్వాత ఊపిరి సమస్యలు ఎక్కువ, జాగ్రత్త వేరేగా ఉంటుంది. 3 ఏళ్ల లోపు వాళ్లను, జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లను ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచి ఆక్సిజన్ చూడాలి. పిల్లల ఐసీయూ ఉన్నచోటు అయితే మంచిది.

నొప్పికి పారాసిటమాల్, డాక్టరు చెప్తే ఐబుప్రొఫెన్. కోడీన్ (నొప్పికి, దగ్గుకు వాడే మత్తు రకం మందు) ఉన్న సిరప్ ఇవ్వొద్దు. ఇలాంటి పిల్లల్లో ఊపిరి ఆగి ప్రాణాలు పోయాయని 2013లోనే దాన్ని వద్దన్నారు. ట్రమడాల్ అనే నొప్పి మందు కూడా అంతే.

రక్తస్రావం వందలో ముగ్గురు నలుగురికి జరగొచ్చు. మొదటి రోజు దాటింది కదా అని ఊరెళ్లిపోవద్దు. గొంతులో పొర ఊడే 5 నుంచి 10వ రోజు మధ్యే ఎక్కువ భయం. ఉమ్మిలో ఎర్రటి రక్తం కనిపించినా, నిద్రలో మాటిమాటికీ గుటక వేస్తున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకుపో. ఆ పది రోజులూ బండి అందుబాటులో పెట్టుకో. 6 నుంచి 8 వారాలకు మళ్లీ చూపించి ఇంకో వీడియో తీసుకుపో. ఒళ్లున్న పిల్లలకు ఆపరేషన్ తర్వాత కూడా కొంత మిగిలిపోతుంది, వాళ్లకు మాత్రం స్లీప్ స్టడీ తప్పదు.