పెరుగుఁ బోదా, పెరుగఁ బోదా?

– విద్య దొంగకు దొరకని ధనమని చెప్పే ఏనుగు లక్ష్మణకవి "హర్తకుఁ గాదు గోచరము" పద్యం మూడో పాదం కాస్త చూడండి. డబ్బు కట్టి కొనుక్కున్న సినిమా యాప్‌లోంచి మాయమైంది. ఆ బాధలో మా తమ్ముడికి ఈ పద్యం చదవబోతే "ఇచ్చినన్ బెరుగఁ బోదు" అని వస్తోంది. అర్థం తలకిందులవుతోంది కదా?

– "బెరుగుఁ బోదు" అండీ. పెరుగున్, పోదు, రెండు క్రియలు. ఇస్తే పెరుగుతుంది, యుగాంతంలోనూ పోదు.

– గణాలు రెండు పాఠాలకూ సరిపోతాయి సార్. నగణం చెడదు, బూ–బో యతి చెక్కుచెదరదు, అరసున్న కూడా రెండింటికీ వస్తుంది. ఇక తేల్చాల్సింది మూలశ్లోకం రాసిన భర్తృహరే: "ప్రాప్నోతి వృద్ధిం పరాం", అంటే ఎంతో వృద్ధి పొందుతుందని. కాబట్టి "గు"నే.

– నా పట్టు "గోచరము" మీద. విద్య దొంగ కంటికి కనపడదు, అదే దానికి రక్ష. వీడియో కనపడకపోతే కొన్నవాడికే పనికిరాదు. డీవీడీకి వేసిన 40 బిట్ల తాళం 1999లో డీసీఎస్ఎస్ ప్రోగ్రాం రాగానే ఊడిపోయింది. ఎంత గట్టి తాళమైనా చెవి ప్లేయర్‌లోనే ఉండాలి. అదీ కాదంటే తెర ముందు కెమెరా పెట్టుకుంటారు.

– మరి ఇక్కడ "హర్త" ఎవరు? కాపీ తీస్తే అసలు ప్రతి ఎక్కడికీ పోదు. మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ కూడా హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తప్పిస్తేనే శిక్ష అంటుంది.

– పట్టుకుపోయేవాడే హర్త. ఆ లెక్కన అక్కయ్య సినిమాకు హర్త అమ్మినవాడే! కొన్న సినిమాలు దాచుకునే అల్ట్రావయొలెట్ అనే పెద్ద డిజిటల్ లాకరే 2019 జూలై 31న మూతపడింది. అమ్మేది లైసెన్సు మాత్రమే అయితే ఆ మాట కొనేముందే చెప్పాలని కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి చట్టం ఉంది. మనకూ అలాంటిది రావాలి. నేనైతే నచ్చిన సినిమాకు డిస్కే కొంటాను, అల్మరాలోంచి ఎవరూ తీసుకుపోరు.

– పద్యానికి వద్దాం. "సత్కీర్తి ఘటించు" అన్నది మూలంలో లేదు, గమనించారా? "ర్త" ప్రాస కోసం తెచ్చిపెట్టుకున్నాడు.

– ప్రాస కోసమైతే మాత్రమేం! "స" దగ్గర పాదం విరిచి "త్కీర్తి" అని అందుకోవడం లక్ష్మణకవికే చెల్లింది. ఇదే శ్లోకానికి ఎలకూచి బాలసరస్వతి పద్యం ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి, పక్కపక్కన చూద్దాం.