అప్‌డేట్: ముల్లు నొక్కేసిన గేలం నుంచి పండుగప్ప జారిపోవడం – సమస్య తీరింది

గేలం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును ప్లయర్‌తో నొక్కేశాక, పండుగప్ప చేప గాల్లోకి ఎగిరి తల విదిలించగానే జారిపోతోందని అడిగాను కదండీ. సమాధానమిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది దారం వదులవకుండా చూసుకోవడమే. యానాం దగ్గర గౌతమిలో పడవ నడిపే ఒక బాబాయ్ పక్కనే నిలబడి చూపించాడు: "ఎగిరేటప్పుడు రాడ్ పైకెత్తకు. కొన పక్కకి, నీళ్ల వైపు దించి రీల్ తిప్పుతూనే ఉండు."

నూలుగుడ్డలో గుచ్చి లాగి చూడమన్న సలహా కూడా బంగారం. నా గేలం పోగుల్ని పట్టేసింది, అంటే ముల్లు సగమే నలిగింది. పూర్తిగా నొక్కాక దవడలోకి ఇట్టే దిగుతోంది.

గేలం సైజు, ఎరగా రొయ్యా ల్యూరా (నకిలీ ఎర), సముద్రపు పోటూ పాటూ, వీటికీ దీనికీ సంబంధం లేదు. దారం మార్చడమూ దండగే. ఆ డబ్బుతో మార్కెట్లో చేపే వచ్చేది.

పండుగప్ప మగదిగా ఎదిగి, పెద్దయ్యాక ఆడదిగా మారుతుంది కాబట్టి బాగా పెద్దవాటిని కూడా వదిలేస్తున్నాను. గేలాన్ని ప్లయర్‌తో వెనక్కి తిప్పితే ఊడొస్తుంది. మొప్ప మూత అంచు మాత్రం బ్లేడులా కోస్తుంది, అక్కడ వేళ్లు పెట్టకండి.