తింటున్నా చిక్కిపోతున్న ప్లెకో: నులిపురుగులేనా?

హైదరాబాదులోని మా ఇంట్లో 120 లీటర్ల తొట్టిలో నాలుగు అంగుళాల బ్రిసిల్‌నోస్ ప్లెకో (నాచు గీకి తినే చేప) ఒకటి, కోరిడోరాస్ చేపలు ఆరు ఉన్నాయి. మూడు వారాలుగా ప్లెకో పొట్ట లోపలికి పోతోంది, మలం తెల్లని దారంలా వస్తోంది. నీటి ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, పీహెచ్ 7.8, అమ్మోనియా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20 పీపీఎం. బోరు నీరు కాబట్టి కాఠిన్యం మాత్రం ఎక్కువే. రాత్రి లైటు ఆర్పాక వేసిన ఆల్గీ వేఫర్లను (నాచుతో చేసిన మేత బిళ్లలను) కోరిడోరాస్‌లే ముందుగా తినేస్తున్నాయి (వాటి ఆకలికి అంతు లేదు). అందువల్ల ప్లెకోను వారం రోజులు తెరతో వేరుచేసి, కాస్త ఉడికించిన సొరకాయ ముక్కలకు బరువు కట్టి దించాను. గంటల తరబడి అతుక్కొని గీకి తిన్నప్పటికీ పొట్ట నిండలేదు. వారానికి 30 శాతం నీరు మారుస్తూనే ఉన్నాను. కోరిడోరాస్‌లు ఆరోగ్యంగానే కనిపిస్తున్న ఈ స్థితిలో నులిపురుగుల మందును ప్లెకోకు మాత్రమే వేరే తొట్టిలో ఇవ్వాలా, లేక మొత్తం తొట్టికి వేయాలా?