అప్‌డేట్: వేసవిలో ఆకులు రాల్చిన ఎర్రపూల కరంట్ పొద

ఉత్తర అమెరికా పశ్చిమ తీరానికి చెందిన ఎర్రపూల కరంట్ (currant, గుత్తులుగా చిన్న కాయలు కాసే మొక్క) పొద నిరుడు ఎండాకాలం చివర్లో ఆకులన్నీ రాల్చేయడంతో, అది చచ్చిపోతోందా, నీళ్లు పెంచాలా అని అడిగాను. పొద నిక్షేపంగా ఉంది.

సలహా ఇచ్చినట్టే కొమ్మ బెరడును గోటితో గీరి చూస్తే లోపల పచ్చగా, తడిగా కనిపించింది. వానలు పడని వేసవికి అలవాటుపడిన ఈ జాతి, నేల బాగా ఎండినప్పుడు ముందుగానే ఆకు రాల్చి విశ్రాంతిలోకి వెళ్తుందన్న వివరణ సరైనదేనని తేలింది. అందుకే నీళ్లు పెంచకుండా, మొదలుకు తగలకుండా చుట్టూ చెక్కపొట్టు మాత్రం పరిచాను.

వసంతంలో ఆకులు పూర్తిగా విచ్చుకోకముందే గులాబీ రంగు పూగుత్తులు వేలాడాయి, వాటి కోసం హమ్మింగ్‌బర్డ్‌లూ వచ్చాయి. పూత నిరుటి కొమ్మల మీదే వస్తుంది కనుక, శీతకాలంలో కత్తిరిస్తే ఆ ఏటి పూలు పోయినట్టే. పూలు రాలిన వెంటనే బాగా ముదిరిన కొమ్మలను నేల మట్టానికి తీసేశాను. నీలినలుపు కాయల మీద బూడిద రాసినట్టు తెల్లటి పొర ఉంది, రుచి మాత్రం చప్పన (పక్షులకు ఆ పట్టింపు లేదు).

దగ్గర్లో ఐదు సూదుల పైన్ చెట్లు (సూదుల్లాంటి ఆకులు ఐదేసి చొప్పున గుత్తులుగా ఉండేవి) ఉన్నవారు నాటే ముందు ఆలోచించుకోవాలి, ఎందుకంటే బ్లిస్టర్ రస్ట్ అనే శిలీంధ్ర తెగులు ఈ రెండింటినీ ఆశ్రయించి బతుకుతుంది.